రెండో చెకింగ్

మా బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్ళని తడిమి చూసి బయటికి వదిలే మనిషిని అందరం ఎక్స్‌రే అక్క అనేవాళ్ళం. ఆ పేరు ఎవరు పెట్టారో గాని సరిగ్గా అతికింది. గుండీ దగ్గర్నుంచి జిప్పు దాకా ఏదీ ఆ చేతులు దాటి పోయేది కాదు. కొప్పులో దాచిన దారపు ఉండ, చెప్పు అట్ట కింద పెట్టిన లేసు ముక్క, టిఫిన్ డబ్బా అడుగున మడిచిన అస్తరు గుడ్డ, అన్నీ ఆమె బయటికి తీసినవే. దొరికినప్పుడు అరిచేది కాదు. ఆ వస్తువుని బల్ల మీద పెట్టి, మన మొహంలోకి చూస్తూ "ఇదేంటమ్మా?" అనేది. ఆ ఒక్క మాటకి తల కొట్టేసినట్టయ్యేది.

నన్నూ ఒకసారి ఆపింది. నా సంచీలో సూదుల పొట్లం కనపడింది. ఇంట్లో కుట్టుకోవడానికి బజారులో నేను కొనుక్కున్న సూదులవి, ఫ్యాక్టరీ మిషన్లకి పట్టనే పట్టవు. ఆ సంగతి సూపర్‌వైజరు వచ్చి చెప్పేదాకా, వెనక లైనంతా చూస్తుండగా నన్ను గోడవారగా నిలబెట్టింది. తర్వాత "సరే, పద" అంది. పొరపాటైందని మాటవరసకైనా అనలేదు. అప్పట్నుంచి ఆమె పేరు వింటేనే నాకు ఒళ్ళు మండేది. ఆమె కథ చెబుతున్నది నేనే కాబట్టి ఈ మంట సంగతి ముందే మీ చెవిన వేస్తున్నాను. ఎక్కడైనా కారం ఎక్కువైతే తగ్గించుకుని వినండి.

ఆ గేటు దాటి పనికి వెళ్ళొచ్చే మా అందరికీ ఒక అలవాటు పట్టుకుంది. ఎవరైనా ఎదురుగా వచ్చి నిలబడితే, అడక్కముందే చేతులు పైకి లేస్తాయి. ఒకసారి బ్యాంకులో కాపలా ఆయన తలుపు తీస్తే నేను చేతులెత్తి నిలబడ్డాను. ఏం ముంచుకొచ్చిందోనని ఆయన కూడా ఎత్తాడు. ఒళ్ళు నేర్చుకున్నది మనసు చెప్పినా మానదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

గేటు దగ్గర చెకింగులు రెండు. లోపలి గేటులో ఒకామె చూసేది, బయటి గేటులో ఎక్స్‌రే అక్క చూసేది. రెండో మనిషి మొదటి మనిషిని ఏమీ అడగకూడదు. అక్కడ చూశారు కదా అని వదిలేయనూకూడదు. మొదటి చెకింగ్ అసలు జరగనట్టే చూడాలి. కొత్తగా చేరిన చెకింగ్ పిల్లలకి ఆమె మొదట నేర్పేది ఇదే. "ఆవిడ చూసిందని నువ్వు నమ్మేస్తే, ఇంక నువ్వెందుకే ఇక్కడ?" అనేది. ఇంకో సంగతి. ఆమెని మాత్రం ఎవరూ తడిమి చూసేవాళ్ళు కాదు. అందరూ వెళ్ళాక గేటుకి తాళం వేసేది ఆమే గనక, ఆమెని చూడ్డానికి మనిషి మిగిలేది కాదు.

ఫ్యాక్టరీ వెనక వీధిలో, గదులుగా విడగొట్టి అద్దెకిచ్చిన ఒక మేడలో మేమంతా ఉండేవాళ్ళం. కింద ఎదురెదురుగా రెండు వాటాలు. ఒకదాంట్లో ఆమె ఒక్కతే, రెండోదాంట్లో ఆమె తమ్ముడూ మరదలూ. మెట్లెక్కితే నా గది. నా కిటికీలోంచి వాళ్ళ రెండు వంటగదులూ కనిపిస్తాయి. చూడకూడదనుకున్నా కనిపిస్తాయి, నేనేం చెయ్యను.

తల్లి పోయినప్పుడు తమ్ముడు ఇంకా చంకనెక్కే పిల్లాడట. ఆమే పెంచింది. పెళ్ళి మాట ఎత్తితే "ఎవర్ని నమ్మి?" అనేది, ఆ మాట అక్కడితో తెగిపోయేది. మీసాలొచ్చే వయసులో తమ్ముడికి మనసు చెదిరింది. రేడియోలో తన గురించే చెబుతున్నారనేవాడు, గోడ అవతలి వాళ్ళు తన ఆలోచనలు వింటున్నారనేవాడు. మాత్ర ఇస్తే బుగ్గలో దాచి ఊసేసేవాడు. అప్పటి ముసలి డాక్టరు ఒక చిన్న సీసా రాసిచ్చాడు. రంగూ, రుచీ, వాసనా లేని చుక్కలు. టీలో కలిపితే వాడికి తెలియదు. ఆమె కలిపింది, వాడు తేరుకున్నాడు. "నా తమ్ముణ్ణి నాకిచ్చింది ఆ సీసానే" అని నాతో ఒకసారి అంది. ఆమె ఎవరి గురించైనా మెచ్చుకోలుగా మాట్లాడ్డం నేను విన్నది అదొక్కసారే, అదీ ఒక సీసా గురించి.

తర్వాత వాడు అట్టపెట్టెల కార్ఖానాలో పనికి కుదిరాడు. పొద్దుటి నుంచి అట్టలు మడిచి జిగురు పూసే పని. నెమ్మదస్తుడు. పెళ్ళైంది. ఆ పిల్లకి సంగతంతా ముందే చెప్పి చేశారు, అది మాత్రం ఎక్స్‌రే అక్క పద్ధతి, దాపరికం లేదు. కొత్త డాక్టరు చుక్కలు ఆపించి, రాత్రి అన్నం తిన్నాక వేసుకోమని ఒక మాత్ర రాశాడు. అది వేసే బాధ్యత మరదలిది. ఎలా చూడాలో ఎక్స్‌రే అక్కే నేర్పింది. మింగాక నోరు తెరవమనాలి, నాలుక పైకెత్తమనాలి, రెండు బుగ్గలూ వేలితో లాగి చూపించమనాలి. మరదలు తలూపి విని ఊరుకుంది. ఆ పిల్ల దేనికైనా అంతే, ఉలుకూ పలుకూ ఉండదు. నవ్వితే పెదవి దాటదు, ఏడవడం ఎవరూ చూడలేదు. మాత్రల డబ్బాకి తాళం వేసి తాళంచెవి మెళ్ళో గొలుసుకి కట్టుకుంది. డాక్టరు జాగ్రత్తగా పెట్టమన్నాడని వేసిందట. కానీ తాళం చూస్తే మా మేడలో వాళ్ళకి ఊహలు ఊరుకోవు కదా.

పెళ్ళైనా తమ్ముడు పొద్దున్నే పనికి వెళ్తూ అక్క గదిలో టీ తాగడం మానలేదు. ఆమెది పంచదార లేని టీ. తీపి తగిలితే ఆమెకి గొంతు దిగదు. వాడికి మాత్రం చెంచా నిలబడేంత తీపి కావాలి. ఇద్దరూ రెండు గ్లాసులు పట్టుకుని గుమ్మంలో కూర్చుని, ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా తాగేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, అది చూస్తే నా మంట కూడా కాస్త చల్లబడేది.

తేడా ఉందని తమ్ముడు మొదట నాకే చెప్పాడు. నేను కాలర్లు కుడతాను గనక నన్ను కాలరక్కా అంటాడు. మెట్ల దగ్గర ఆపి, అటూ ఇటూ చూసి, "కాలరక్కా, మీకొచ్చే నీళ్ళూ మాకొచ్చే నీళ్ళూ ఒకటేనా?" అన్నాడు.

"ఒకటే ట్యాంకు కదా. ఏం?"

"టీలో ఏదో కలుస్తోంది. తాగాక కాళ్ళు బిగుసుకుంటున్నాయి. మెడ నాది కానట్టుంటుంది."

నా గుండె జారింది. వాడి కాళ్ళ గురించి కాదు, వాడి మాట గురించి. మళ్ళీ మొదలైందనుకున్నాను. మేడంతా అదే అనుకుంది. వాడు పాలవాణ్ణి మార్చాడు. పంచదార వేరే దుకాణంలో కొని తెచ్చి అక్కకిచ్చాడు. గ్లాసు తనే రెండుసార్లు కడుక్కునేవాడు. పాలనీ, నీళ్ళనీ, గ్లాసునీ అన్నిటినీ అనుమానించాడు. టీ కాచే చేతిని మాత్రం అనుమానించలేదు.

మరదలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. టీలో ఏదో కలుపుతున్నారంటున్నాడని చెబితే, డాక్టరు జబ్బు తిరగబెట్టిందని మాత్ర మోతాదు పెంచాడు. డాక్టరుది తప్పనలేం. ఆ మాట ఎవరు విన్నా అదే అనుకుంటారు.

ఎక్స్‌రే అక్క మాత్రం వేరే దారిలో ఆలోచించింది. గేటు మూసేవేళ నన్ను పక్కకి లాగి, "నా మరదలు వాడికి మాత్రలు వెయ్యట్లేదు" అంది.

"నువ్వు చూశావా?"

"పెళ్ళైన కొత్తలో కిటికీ కింద ఒక మాత్ర దొరికింది నాకు. వాడు ఊసేశాడు, అది చూసుకోలేదు. ఇప్పుడూ అంతే అయ్యుంటుంది. సరిగ్గా వేస్తే వీడికి మళ్ళీ ఈ అనుమానాలెందుకొస్తాయి చెప్పు?"

"ఆ అమ్మాయినే అడగొచ్చు కదా."

ఎక్స్‌రే అక్క పెదవి విరిచింది. "అడిగితే వేస్తున్నాననే అంటుంది. దొంగలెవరైనా తీశామంటారా?"

నేనూ సందేహంలో పడ్డాను. మెడలో ఆ తాళంచెవి, ఆ మొహంలో ఏ భావమూ కనపడకపోవడం, అన్నీ కలిపి చూస్తే నాకూ ఏదో ఉందనిపించింది. ఒకరి మీద మంట ఉన్నా, వాళ్ళు ఇంకొకరి మీద పుట్టించే అనుమానం మనకి తొందరగానే అంటుకుంటుంది.

ఒక మధ్యాహ్నం కార్ఖానాలో, మడిచిన అట్టపెట్టెల దొంతర మీద తమ్ముడు మొదలు నరికిన చెట్టులా పడిపోయాడు. ఒళ్ళు కొట్టుకుందని పక్కనున్నవాళ్ళు ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెట్టారు. కాసేపటికి లేచి కూర్చుని "గుండె తప్పటడుగులేస్తోంది" అన్నాడట. యజమాని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కబురు మా గేటుకొచ్చింది. ఆ రోజు మొదటిసారి ఎక్స్‌రే అక్క లైను మధ్యలో వదిలేసి పరుగెత్తింది. వెనక నేనూ వెళ్ళాను. మాయదారి ప్రేమ అనండి, కుతూహలం అనండి.

మేం వెళ్ళేసరికి వాడి ఛాతీ నిండా తీగలు అంటించి ఉన్నాయి. మంచం పక్కన పెట్టెలో పచ్చగీత ఒకటి కదులుతోంది. మరదలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది, కంట్లో తడి లేదు. మేం చూస్తుండగానే ఆ గీత ఒక్కసారి పిచ్చెక్కినట్టు పైకీ కిందికీ మెలికలు తిరిగింది. వాడి కళ్ళు తేలిపోయాయి. పెట్టె కుయ్యోమంది. నర్సులు మమ్మల్ని బయటికి తోసి తలుపు వేశారు. లోపల ఏం జరుగుతోందో తెలియక ఎక్స్‌రే అక్క తలుపుకి అరచేయి ఆనించి అలాగే నిలబడింది.

చాలాసేపటికి గుండె డాక్టరమ్మ బయటికొచ్చింది. పొట్టి మనిషి, ముక్కుసూటి మాట. "ప్రస్తుతానికి నిలిచాడు. సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నాం. మళ్ళీ వస్తే నిలుస్తాడని మాటివ్వలేను" అంది.

"అసలు ఏమైందమ్మా?" అన్నాను నేను.

"గుండె ఒకసారి కొట్టుకున్నాక, మళ్ళీ కొట్టుకునే ముందు కాస్త సర్దుకోవాలి. అతనికి ఆ సర్దుకునే వ్యవధి సాగిపోయింది. సర్దుకోకముందే ఇంకో దెబ్బ పడితే గుండె కొట్టుకోదు, ఊరికే వణుకుతుంది. మనసు జబ్బుకి వాడే మందులు కొన్ని ఎక్కువైతే ఇలా చేస్తాయి. ఎన్ని వేసుకుంటున్నాడు?"

మరదలు సంచీలోంచి మాత్రల అట్ట తీసి చూపించింది. డాక్టరమ్మ తిప్పి చూసింది. "డాక్టరు రాసినంతే అయితే ఇంత పని చెయ్యదు. వేరే ఏదో కూడా లోపలికెళ్ళింది. లేదా అతనే గుప్పెడు మింగాడు. లేదా ఎవరైనా మింగించారు. ఏదో నాకు తెలియాలి. చివరిదైతే పోలీసులకీ తెలియాలి" అని ముగ్గురి మొహాలూ వరసగా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చూపు ఎక్స్‌రే అక్కకి చాలింది. మరదలి ముందుకెళ్ళి నిలబడింది. "సంచీ ఇలా ఇవ్వు" అంది.

వరండా నిండా జనం. మరదలు సంచీ ఇచ్చేసింది. దువ్వెన, ఇంటి తాళం, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, వాడి ఉతికిన చొక్కా. ఎక్స్‌రే అక్క ఒక్కొక్కటే తీసి బెంచీ మీద పెట్టింది, చొక్కా అంచులు కూడా నలిపి చూసింది. తర్వాత ఆ పిల్ల ఒంటి మీద చేతులు వేసింది. మరదలు చేతులు రెండూ పైకెత్తి, ఆసుపత్రి సున్నం గోడ వైపు చూస్తూ నిలబడింది. అందరూ ముక్కున వేలేసుకున్నారు. నాకు నా సూదుల పొట్లం గుర్తొచ్చి, అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఆమెని ఆపలేదు. ఏదైనా దొరుకుతుందేమోనని నేనూ చూస్తున్నాను మరి.

ఏమీ దొరకలేదు. "చూశారా వదినా?" అంది మరదలు చేతులు దించి. ఆ గొంతులో కోపం లేదు, అదే ఎక్స్‌రే అక్కకి ఇంకా అనుమానం పెంచింది. "పారేసినవి పారేసి లెక్క సరిచెయ్యడానికి ఎంతసేపు?" అని గొణిగింది.

ఇంతలో లోపల కేకలు. మమ్మల్ని పిలిచారు. తమ్ముడు తీగలు పీక్కుంటున్నాడు, సెలైన్ గొట్టం లాగేస్తున్నాడు. "ఇందులోనూ కలిపారు, నాకు తెలుసు, టీలో కలిపినట్టే" అంటున్నాడు. ఇద్దరు పట్టుకున్నా ఆగడం లేదు. అక్కని చూడగానే చెయ్యి చాపాడు.

"అక్కా, అందరూ నాకు పిచ్చంటున్నారు. నువ్వొక్కదానివే నమ్ముతావు. టీలో నిజంగానే ఏదో కలుస్తోంది. పాలవాణ్ణి మార్చినా ఆగలేదు. ఎవరో నువ్వే పట్టుకోవాలి. నువ్వు పట్టుకోలేనిది ఏముందక్కా?"

ఎక్స్‌రే అక్క వాడి చెయ్యి పట్టుకుంది. ఆమె మొహం చూసి నాకు ఏదో తేడా తట్టింది. గేటు దగ్గర అన్నేళ్ళు ఆమె ముందు నిలబడి, మేం కూడా మొహాలు చూడ్డం కొద్దో గొప్పో నేర్చుకున్నాం. దాచుకున్నవాళ్ళు చేతులు చూడరు, ఎదుటివాళ్ళ కళ్ళే చూస్తారు. ఆమె ఇప్పుడు డాక్టరమ్మ కళ్ళే చూస్తోంది.

డాక్టరమ్మ మా వైపు తిరిగింది. "ఇతను చెప్పేది జబ్బు వల్ల వచ్చిన భ్రమ అయితే, దాన్ని ఆపడానికి గట్టి మందు ఇవ్వాలి. ఆ జాతి మందులేవీ ఈ గుండె ఇప్పుడు తట్టుకోదు. ఇవ్వకపోతే ఈ తీగలు ఉంచుకోడు. ఎటు చూసినా ప్రాణానికి ముప్పే. మనసు డాక్టరు దార్లో ఉన్నారు, ఆయన అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఇంట్లో వాళ్ళు చెప్పండి, ఇది భ్రమేనా?"

"పాత జబ్బేనమ్మా" అన్నాను నేను. ఎవరడిగారు నన్ను. నోరు ఊరుకోదు.

మరదలు తలవంచుకుంది. "ఇంతకుముందు కూడా ఇలాగే అనేవారట" అంది మెల్లిగా.

ఎక్స్‌రే అక్క నోరు విప్పలేదు. ఆమె లెక్క ఏమిటో తర్వాత నాతో చెప్పింది. మరదలు మాత్రలు వెయ్యడం లేదు, కాబట్టి లోపలికెళ్ళింది తన చుక్కలు మాత్రమే. అవి వాణ్ణి ఎప్పుడూ ఏమీ చెయ్యలేదు, బతికించాయి. అంటే గుండెకి చేటు చేసింది మరదలు పెట్టిన ఇంకేదో. ఇప్పుడు ఆ మాట బయటపెడితే నేరం తన మీద పడి, అసలు విషం పెట్టినది తప్పించుకుంటుంది. లెక్క ఎంత చక్కగా ఉందో చూడండి. మొదటి చెకింగ్ జరగలేదని అనుకుంటే, అందులో తప్పే లేదు.

అప్పుడు నర్సు ఒక మాత్రా నీళ్ళూ తెచ్చింది. ఒంట్లో తగ్గిన లవణం సరిచెయ్యడానికట. తమ్ముడు మూతి బిగించాడు. మరదలు దగ్గరికొచ్చి, "ఇదిగో, అట్టలోంచి నా ఎదుటే తీశారు, నేను చూశాను. వేసుకోండి" అంది. వాడు ఆమె మొహంలోకి చూశాడు. నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. తాగి, ఎవరూ అడక్కుండానే, నోరు బార్లా తెరిచాడు. నాలుక పైకెత్తాడు. వేలు పెట్టి కుడి బుగ్గ లాగి, తర్వాత ఎడమ బుగ్గ లాగి భార్యకి చూపించాడు. ఆమె వంగి చూసి "సరే" అని తలూపింది. అప్పుడు నోరు మూశాడు.

చుట్టూ అంత గోల జరుగుతున్నా ఇదంతా వాళ్ళిద్దరూ తల దువ్వుకున్నంత మామూలుగా చేశారు. నర్సుకి అందులో ఏమీ కనపడలేదు. నాకు కనపడింది, నా చేతులు బ్యాంకు తలుపు దగ్గర లేచినవి కదా. రోజూ చూపించే ఒళ్ళే అడక్కుండా చూపిస్తుంది. కొత్తలో ఆ ఒక్క మాత్ర జారిపోయినా, తర్వాత ఒక్క రాత్రి కూడా తప్పకుండా ఆ పిల్ల వేసింది, చూసింది. నేర్పినదాన్ని నేర్పినట్టే చేసింది.

ఎక్స్‌రే అక్క తమ్ముడి చెయ్యి వదిలేసింది. "భ్రమ కాదు" అంది.

"ఏమిటి?" అంది డాక్టరమ్మ.

"వాడు చెప్పేది నిజం. టీలో కలుపుతున్నారు. కలిపింది నేను."

నడుము దగ్గర చీర మడతలో చెయ్యి పెట్టి చిన్న సీసా తీసి డాక్టరమ్మకి ఇచ్చింది. అన్నేళ్ళుగా అందరి ఒళ్ళూ తడిమిన మనిషి, తన ఒంటి మీద దాచుకున్నది తనే తీసి ఇచ్చుకోవాల్సి వచ్చింది. పాత చీటీ చూపించి, తెలిసిన మందుల షాపులో కొంటూ వచ్చిందట. పెళ్ళైన కొత్తలో ఆ మాత్ర దొరికిన దగ్గర్నుంచీ మళ్ళీ మొదలుపెట్టింది. వాడు టీలో ఏదో కలుస్తోందన్నప్పుడు, జబ్బు ముదిరిందని చుక్కలు పెంచింది. అక్కడ డాక్టరు మాత్ర పెంచాడు. వాడు నిజం చెప్పిన ప్రతిసారీ రెండు వైపుల నుంచీ మందు పెరిగింది.

డాక్టరమ్మ సీసా మీది పేరు చదివి, తిట్టవలసిన నాలుగూ తిట్టి, గబగబా ఫోను చేసింది. గట్టి మందు ఇవ్వాల్సిన పని తప్పింది. రెండు మందులూ ఆపేసి, అవి ఒంట్లోంచి దిగిపోయేదాకా గుండెని కనిపెట్టుకుని ఉంటామంది. మనసు డాక్టరు వచ్చి వాడి పక్కన కూర్చుని, నువ్వు చెప్పింది సరైనదే, ఇక ఎవరూ కలపరు అని చెప్పాడు. తీగలు పీకడం అప్పుడు మానాడు.

మొదట వాడికి సంతోషమే వేసింది. "అయితే నాకు పిచ్చి కాదన్నమాట" అని నవ్వాడు. అందరి వైపూ గెలిచినట్టు చూశాడు. "ఎవరు మరి? పట్టుకున్నావా అక్కా?"

"నేనేరా" అంది ఆమె.

వాడి నవ్వు వెంటనే పోలేదు, కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూస్తూ ఆమె ఎంతసేపు నిలబడిందో, చివరికి నేనే భుజం పట్టుకుని బయటికి తెచ్చాను.

వరండాలో మరదలు ఆ బెంచీ మీదే కూర్చుని, నలిగిన చొక్కా మడత పెడుతోంది. మొదటిసారి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "నన్ను ఒక్కమాట అడగాల్సింది వదినా" అంది.

"అడిగితే వేస్తున్నాననే అందువు."

"అవును. వేస్తున్నాను గనక."

ఎక్స్‌రే అక్క బెంచీ మీద తను తీసి పెట్టిన దువ్వెనా, తాళమూ ఒక్కొక్కటే ఆ పిల్ల సంచీలో తిరిగి సర్దింది. నాకు తృప్తిగా ఉండాలి. ఉండలేదు, ఏడుపొచ్చింది.

పోలీసులకి చెప్పమంటారా అని డాక్టరమ్మ మరదలినే అడిగింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, "ఆవిడ ఆయన్ని చంపాలనుకోలేదు. నన్ను నమ్మలేదు, అంతే. దానికి పోలీసులేం చేస్తారు?" అంది.

గుండె గీత సర్దుకున్నాక, తక్కువ మోతాదులో వేరే మాత్ర మొదలుపెట్టి వాణ్ణి ఇంటికి పంపారు. ఆ రోజు ఎక్స్‌రే అక్క వాళ్ళ గుమ్మం ముందుకెళ్ళి, లోపల అడుగు పెట్టకుండా, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. మరదలు నొచ్చుకుని "ఎందుకు వదినా" అంది. తమ్ముడు మాత్రం లేచి వచ్చాడు. ఊరికే తాకి వదల్లేదు. చీర కొంగు విదిలించమన్నాడు, కొప్పు విప్పి చూపించమన్నాడు, రుమాలు మడత తీసి చూశాడు. "సరే, పద" అన్నాడు. వెక్కిరింపు కాదు. వాడికి తెలిసిన చెకింగ్ అదే.

టీకి మాత్రం రాలేదు. పొద్దున్నే ఆమె గుమ్మంలో ఒక్క గ్లాసుతో కూర్చునేది, వాడు తల తిప్పకుండా కార్ఖానాకి వెళ్ళిపోయేవాడు. అలా ఎన్నాళ్ళో గడిచాక ఒకరోజు వాడి కాళ్ళు అక్కడ ఆగాయి. వంటగది గుమ్మంలో నిలబడి, గిన్నె కడగడం నుంచి అంతా చూశాడు. ఆమె ప్రతి డబ్బా మూత తీసి వాడి వైపు వంచి చూపిస్తూ కాచింది. రెండు గ్లాసులూ బల్ల మీద పెట్టింది. వాడు తన గ్లాసు ఆమె వైపు జరిపి, ఆమె గ్లాసు తను తీసుకున్నాడు. పంచదార లేని ఆ చేదు టీ మొహం చిట్లించుకుంటూ చివరిదాకా తాగాడు. ఆమె వాడి తీపి టీ తాగింది.

ఇప్పుడు రోజూ వస్తున్నాడు. మాత్ర వేసుకుంటున్నాడు, గుండె బాగుంది, అనుమానాలూ తగ్గాయి. గ్లాసు మార్చడం మాత్రం మానలేదు. ఒక్కోరోజు రెండుసార్లు మారుస్తాడు, ఆమె కిమ్మనకుండా చూస్తుంది. నా కిటికీలోంచి నాకూ కనిపిస్తుంది. ఆమెకి ఇప్పటికీ తీపి గొంతు దిగదు. అయినా రెండు గ్లాసుల్లోనూ వాడికి సరిపడా పంచదార వేసి, వాడు వదిలిన గ్లాసు తీసుకుని అడుగంటా తాగుతుంది.